బిడ్డ పర్మాకల్చర్ అంటోంది... సివిల్ సీటు వదిలేయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. సివిల్ ఇంజినీరింగ్‌లో సీటు వచ్చేలా ఉంది. తనేమో పర్మాకల్చర్ డిజైన్ నేర్చుకుని కాలనీలను మారుస్తానంటోంది. వ్యవసాయం వదిలి పట్నం వచ్చి చదివించాం. మళ్లీ మట్టిలోకి పోతానంటే ఎట్లా? రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది ‘మళ్లీ మట్టిలోకా’ అన్న దిగులు. ముందు అది తీసేయండి. మీ అమ్మాయి అడుగుతున్న పర్మాకల్చర్ డిజైన్ నాగలి పట్టే పని కాదు. వాన నీళ్లు ఎటు పోవాలి, తడి చెత్త ఎక్కడ ఎరువు కావాలి, ఏ చెట్టు నీడ ఏ గోడ మీద పడాలి అని లెక్కవేసి గీసే పని. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీలు ఎట్లా మునిగాయో మీకు తెలుసు. గొలుసుకట్టు చెరువుల గడ్డ మీద పుట్టిన పిల్లకు ఆ నీళ్ల ఆలోచన రావడం తప్పెట్లా అవుతుంది? సీటు గురించి రాశారు, పట్నం వచ్చిన సంగతి రాశారు. బిడ్డ ఏం చదువుతోందో, ఏం గీసిందో పక్కన కూర్చుని ఒక్కసారైనా చూశారా? మీ ప్రశ్నలో ఆ ఊసే లేదు. కటువుగా ఉన్నా ఈ మాట అనాల్సిందే.

ఇక అమ్మాయికి చెప్పాల్సింది. పర్మాకల్చర్ 1970ల్లో ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ రూపమిచ్చిన పద్ధతి. దాని ప్రామాణిక డిజైన్ కోర్సు 72 గంటలు. మన దగ్గర జహీరాబాద్ వైపు అరణ్య సంస్థ ఏళ్లుగా నేర్పుతోంది. కోర్సు మంచిదే. కానీ ఆ సర్టిఫికెట్ డిగ్రీ కాదు, దాంతో కార్పొరేషన్‌కిచ్చే ప్లాన్ మీద సంతకం పెట్టలేరు. పైగా వీడియోల్లో కనిపించేవి ఎక్కువగా ఎకరాల పొలాలు. అక్కడి స్వేల్‌ను, అంటే వాలుకు అడ్డంగా వాన నీళ్లు ఆపి ఇంకించే కందకాన్ని తెచ్చి 150 గజాల ప్లాటులో, పునాదికి మూడడుగుల దూరంలో తవ్వితే గోడలకు చెమ్మ పడుతుంది. రేగడి నేలైతే తడికి ఉబ్బి, ఎండకు కుంగి, గోడలు పగులుతాయి. మిద్దెతోట సంగతీ అంతే. తడి మట్టి ఘనపు మీటరుకు 1,600 కిలోల పైనే తూగుతుంది. అడుగు లోతున మడి కడితే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు. ఇళ్ల మిద్దెలకు డిజైన్‌లో మామూలుగా లెక్కలోకి తీసుకునే వాడుక బరువు (మనుషులు, సామాన్లు) చదరపు మీటరుకు 150 కిలోల దగ్గర. ఈ తేడా పట్టుకోవడం నేర్పేది సివిల్ చదువే. అందుకే సీటు వదలొద్దంటున్నాను.

ఆసక్తి నిజమైనదో కాదో తేల్చుకోవడానికి ఫీజు కట్టనక్కర్లేదు. ఈ వానాకాలం మీ ఇంటితోనే మొదలుపెట్టమనండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 4,600 లీటర్లు. ఆవిరీ, ఇంకుడూ పోను పైపులోకి సుమారు 4,000 వస్తాయి. నాలుగడుగుల పొడవు, అంతే వెడల్పు, ఐదడుగుల లోతు ఇంకుడు గుంతలో 2,200 లీటర్లు పడతాయనుకుంటారు. కంకర నింపాక మిగిలేది రాళ్ల సందులే, అంటే 900 లీటర్లు. మిగతా నీళ్లు పొర్లి ఎటు పోవాలో గీయనివాళ్లే ఎక్కువ. అవి ప్రహరీ కిందికి చేరతాయి.

గుంతకు ముందు నేలను అడగాలి. అడుగున్నర లోతు గుంత తీసి నీళ్లు నింపి, ఇంకాక మళ్లీ నింపి, అరగంటకోసారి స్కేలుతో కొలవాలి. గంటకు అరంగుళం కూడా దిగకపోతే అక్కడ ఇంకుడు గుంత దండగ. చెల్క నేలలో చకచకా దిగుతుంది. కింద పరుపు బండ తగిలితే ఎంతసేపున్నా దిగదు. వాలు చూడటానికి మేస్త్రీలు వాడే లెవల్ పైపు చాలు. అందులో గాలి బుడగ ఒక్కటి ఉన్నా కొలత తప్పుతుంది, చూసుకోవాలి. గుంత పైన దొడ్డు ఇసుక వేసి, ఏటా మృగశిర కార్తెకు ముందే పై పొర తీసి కడగాలి. లేకపోతే ఒండ్రు పట్టి మూసుకుపోతుంది.

పోలిక విషయానికొస్తే ఎక్కువ చెప్పేదేం లేదు. సివిల్ చదివి ఈ దారి పట్టొచ్చు. వాటర్ రిసోర్సెస్‌లో ఎంటెక్ మన వరంగల్ ఎన్ఐటీలోనే ఉంది. కాలనీల రూపమే మార్చాలనుంటే హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ వర్సిటీ)లోనో, విజయవాడ ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లోనో ప్లానింగ్ డిగ్రీ ఇంకా దగ్గరి దారి. హార్టికల్చర్‌కు బైపీసీ కావాలి కాబట్టి అది వదిలేయండి.

‘పర్మాకల్చర్ డిజైనర్ కావలెను’ అన్న నోటిఫికేషన్ కోసం ఎదురుచూడొద్దు. వాన నీటి పనులు, చెరువుల పునరుద్ధరణ, తడి చెత్త ఎరువు, ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టులు... జీతం వచ్చేది వీటి నుంచే. లెక్కలు తెలిసి, నేల చదవగలిగిన ఇంజినీరు వీటిలో ఖాళీగా కూర్చోదు. మీ బిడ్డ చెడిపోయే దారిలో లేదు.

పర్మాకల్చర్ కోర్సును ఇంజినీరింగ్ రెండో ఏడాది వేసవి సెలవుల్లో చేయించండి. డబ్బు కట్టే ముందు మూడు అడగండి: 72 గంటల్లో నేల మీద గడిపేవెన్ని, చివరి డిజైన్ తన సొంత స్థలానికి గీయనిస్తారా, నేర్పేవాళ్లు పట్నంలో చేసిన ఒక స్థలాన్ని జోరు వానలో చూపించగలరా.