మూడు గీతలకు డెల్టా ఒకచోట 3, ఇంకోచోట 2 ఎందుకు?

కావలి తమ్ముడూ, టెన్షన్ పడకు. తలంలో మూలబిందువు గుండా పోయే మూడు గీతలకు డెల్టా (గీతలు కలిసే బిందువు ఎంత చిక్కుగా ఉందో చెప్పే సంఖ్య) 3, త్రిపరిమాణంలో మూడు అక్షాలకు 2 వచ్చిందని, ఎక్కడో లెక్క తప్పిందని రాశావు. రెండూ కరెక్టే. ఒంగోలులో మా ఎమ్మెస్సీ పిల్లలూ ఇక్కడే ఆగిపోతుంటారు.

ఒక్కో గీత మీద ఒక్కో బహుపది పెట్టు. ఆ మూడూ కలిసి వక్రం మీద ఒకే బహుపదిగా కుదరాలంటే ఎన్ని షరతులు కావాలో అదే డెల్టా. అక్షాలకైతే మూడు స్థిరపదాలూ సమానమైతే చాలు, అంటే 2 షరతులు. తలంలో ఎక్స్ అక్షం, వై అక్షం, వై = ఎక్స్ గీత తీసుకో. 5ఎక్స్ + 7వై అనేది ఆ గీతల మీద వరసగా 5టి, 7టి, 12టి అవుతుంది (టి అంటే గీత మీద బిందువు స్థానం చెప్పే చలరాశి). మూడో గుణకం మొదటి రెండింటి మొత్తం కాక తప్పదు. నీకు అదనంగా వచ్చిన షరతు ఇదే. వర్గపదాల నుంచి ఇక అడ్డే లేదు.

తలంలో ఎన్ గీతలకు డెల్టా ఎన్(ఎన్−1)/2, ఆ చిక్కుకే ఇంకో కొలత అయిన మిల్నర్ సంఖ్య మ్యూ (ఎన్−1)². ఎన్ పరిమాణాల్లో ఎన్ అక్షాలకు రెండూ ఎన్−1. మ్యూ = 2డెల్టా − శాఖలు + 1 (ఇక్కడ శాఖలంటే గీతల సంఖ్య) వేసి చూడు, నీ మూడు గీతలకు 4, మూడు అక్షాలకు 2 రావాలి.

అలాగని ఈ సంఖ్యలు కలిస్తే రెండు సింగ్యులారిటీలు (వక్రం నునుపుగా లేని బిందువులు) ఒకటే అనుకునేవు! తలంలో ఏ నాలుగు గీతలకైనా డెల్టా 6, మ్యూ 9. కానీ వాలుల క్రమం ఎలా మార్చినా క్రాస్ రేషియో (నాలుగు వాలుల తేడాలతో కట్టే నిష్పత్తి) కలవకపోతే అవి వేర్వేరు సింగ్యులారిటీలే.