సంతకం తీసుకుంటే యజమాని బాధ్యత తీరిపోతుందా?

ప్రశ్న: లాయరు గారూ, పలాసలో నాకు చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. 34 మంది పనిచేస్తారు, ఎక్కువమంది ఆడవాళ్లే. అందులో 15 మంది మేస్త్రీ ద్వారా వచ్చినవాళ్లు. పోయిన నెల ఒకామె చీర కొంగు కటింగ్ మిషను బెల్టులో ఇరుక్కుని చేతికి దెబ్బ తగిలింది. 12 రోజులు పనికి రాలేదు. ఆసుపత్రి ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. గ్లౌజులు కొనిచ్చినా వీళ్లు వేసుకోరు. ఇకమీదట ఇబ్బంది రాకూడదని ‘నా భద్రతకు నాదే బాధ్యత’ అనే కాగితం మీద అందరి సంతకాలూ తీసుకున్నాను. ఒక కన్సల్టెంటు సేఫ్టీ సిస్టం ఫైలు తయారుచేసి, ఐఎస్ఓ సర్టిఫికెట్ కూడా ఇప్పిస్తానంటున్నాడు. ఇవి రెండూ ఉంటే నాకు చట్టపరంగా టెన్షన్ ఉండదు కదా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఉంటుందండీ. ముందుగా ఆ సంతకాల సంగతి చెబుతాను. అవి మిమ్మల్ని కాపాడవు, పైగా మీకే అడ్డం తిరుగుతాయి. పని చేసే చోటు ప్రమాదం లేకుండా ఉంచాల్సింది యజమాని అని చట్టం చెబుతోంది. చట్టం ఒకరి మీద పెట్టిన బాధ్యతను ఇంకొకరి చేత సంతకం పెట్టించి దించుకోలేం. ప్రమాద పరిహారం హక్కును కార్మికురాలు ముందే వదులుకున్నట్టు రాయించుకున్నా ఆ ఒప్పందం చెల్లదు. మీరు పంపిన కాగితంలో సగానికి పైగా వేలిముద్రలే ఉన్నాయి. చదవలేని మనిషి చేత వేలిముద్ర వేయించుకున్నారంటే, అక్కడ ప్రమాదం ఉందని మీకు ముందే తెలుసన్నమాట అని అవతలి లాయరు వాదిస్తాడు. ఆ స్థానంలో నేనున్నా అదే వాదిస్తాను.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పని చేసే చోట భద్రత, ఆరోగ్యం విషయంలో 1948 ఫ్యాక్టరీల చట్టం స్థానంలో ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఉంది. కరెంటుతో నడిచే చోట 20 మంది ఉంటే ఫ్యాక్టరీ కిందికి వస్తుంది. మేస్త్రీ తెచ్చిన 15 మందీ ఆ లెక్కలోని వాళ్లే. ‘వాళ్లు మేస్త్రీ మనుషులు’ అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఆ కోడ్ ఆరో సెక్షన్ ఒకసారి చదివించుకోండి. గాయం గానీ, వృత్తి వల్ల వచ్చే జబ్బు గానీ కలిగించే ప్రమాదాలు లేకుండా పనిచోటును ఉంచడం మీ విధి. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. భద్రత కోసం చేసే దేనికీ కార్మికుల దగ్గర పైసా వసూలు చేయకూడదు. ఈ చివరి మాట మీద కొంచెం ఆగుదాం. గ్లౌజుల డబ్బు మీరు పట్టుకోవడం లేదు, నిజమే. కానీ మీ దగ్గర కూలి కిలో లెక్కన. గ్లౌజు వేసుకుంటే చెయ్యి నెమ్మదిస్తుంది, సాయంత్రానికి నాలుగు కిలోలు తగ్గుతాయి. ఆ నష్టం భరించేది ఎవరు? పిక్క పగిలినప్పుడు తొక్కలోంచి వచ్చే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుందని ఆమెకు మీకన్నా బాగా తెలుసు. ‘ఏటి చేస్తాం బాబూ, చేతులు చూసుకుంటే కూలి రాదు’ అని మీ ఊరివాళ్లే నాతో అన్నారు. ‘వీళ్లు వేసుకోరు’ అన్న మాటకు జవాబు అక్కడుంది. నెమ్మదించినందుకు కూలి తగ్గకుండా కిలో రేటు సరిచేయండి. చేతికి పట్టే సైజులో, నూనె లోపలికి దిగని రకం గ్లౌజులు తెప్పించి, వాళ్ల చేతనే రెండు మూడు రకాలు వాడించి ఎంచుకోనివ్వండి. రసాయనాలు నేరుగా తగలడం వల్ల వచ్చే చర్మవ్యాధిని కూడా చట్టం వృత్తి వ్యాధిగా గుర్తించింది.

అయితే మీ ఫ్యాక్టరీలో జరిగిన ప్రమాదానికి, గ్లౌజుకు సంబంధమే లేదు. ఇరుక్కున్నది కొంగు. ఇంకో మాట, తిరిగే బెల్టు దగ్గర వదులు గ్లౌజు వేసుకుంటే అదే చేతిని లోపలికి లాగుతుంది. కదిలే బెల్టులు, పుల్లీల చుట్టూ గట్టి కంచె ఉండాలని 1948 చట్టం 21వ సెక్షన్‌లోనే ఉండేది. తిరుగుతున్న మిషను దగ్గరికి వెళ్లేవాళ్లకు ఒంటికి అతుక్కునే బట్టలు యజమానే ఇవ్వాలని ఆ తర్వాతి సెక్షన్ చెప్పింది. అంటే కొంగు ఇరుక్కునే ప్రమాదాన్ని చట్టం 1948లోనే ఊహించింది. భద్రతలో వరస ఇలా ఉంటుంది: ప్రమాదాన్ని అసలు లేకుండా చేయగలమా, లేదంటే మనిషికీ దానికీ మధ్య అడ్డం పెట్టగలమా, ఆ తర్వాత పని చేసే పద్ధతి, అన్నిటికన్నా చివర గ్లౌజులు. మీరు చివరినుంచి మొదలుపెట్టారు. ముందు బెల్టులన్నిటికీ ఇనుప జాలీ గార్డులు బిగించండి. కూర్చున్న చోటే చేతికి అందేలా స్విచ్ పెట్టించండి. మిషను శుభ్రం చేసేటప్పుడు మెయిన్ ఆపి తాళం వేసి, ఆ తాళంచెవి శుభ్రం చేసే మనిషి దగ్గరే ఉంచండి. ఇంకొకరు తెలియక మిషను ఆన్ చేయడం వల్ల తెగిన వేళ్లు నా కేసు ఫైళ్లలో చాలా ఉన్నాయి.

బాయిలర్ సర్టిఫికెట్ గడువు ఈరోజే చూడండి. బాయిలర్ పక్కన జీడి తొక్కల గుట్ట ఉంటే దూరంగా తీయించండి. తొక్కల్లో నూనె ఉంటుంది, అంటుకుంటే ఆపడం కష్టం.

ఇక ఐఎస్ఓ గురించి. పనిచోటు భద్రతకు 2018లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 45001 మంచిదే, కానీ తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. అది లేదని ఎవరూ కేసు పెట్టరు, ఉందని ఎవరూ వదిలేయరు. నన్ను భయపెడుతున్నది ఆ రెడీమేడ్ ఫైలు. ఫలానా తేదీన శిక్షణ ఇచ్చామని అందులో ఉంటుంది. ఆ రోజు అలాంటిదేమీ జరగలేదని సాక్షి బోనులో ఒక్కామె చెప్పినా చాలు, నిర్లక్ష్యంతో పాటు దొంగ రికార్డు కూడా మీ నెత్తిన పడుతుంది.

నేననే సిస్టం ఒక నోటుపుస్తకంతో మొదలవుతుంది. వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదాలు కూడా అందులో రాయాలి. బెల్టు జారింది, నేల మీద నూనె ఉండి కాలు జారింది, ఆవిరి పైపు తగిలితే చెయ్యి కాలుతోంది. రాయలేనివాళ్లు చెబితే ఇంకొకరు రాయాలి. పక్కన ఏం సరిచేశారో, ఎప్పటికి చేశారో మీరు రాసి సంతకం పెట్టండి. ఈ ఫ్యాక్టరీలో నిజంగా పనికొచ్చే సంతకం మీది. మీ సంఖ్యకు సేఫ్టీ కమిటీ తప్పనిసరి కాకపోవచ్చు. అయినా కటింగ్‌లో ఇద్దరు, పీలింగ్‌లో ఒకరు, బాయిలర్ మనిషి, మేస్త్రీ కలిపి నెలకోసారి కూర్చోబెట్టండి. ఆ గంటకు కూలి ఇవ్వండి. మిషను తేడాగా ఉందని ఆపిన మనిషికి ఆ పూట కూలి పోకూడదు. పోయిందంటే ఇంకెవ్వరూ ఆపరు, మీ పుస్తకం ఖాళీగానే ఉంటుంది. ప్రాణం మీదికి వస్తుందన్న భయం ఉంటే, మీకు చెబుతూనే ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పే హక్కు కార్మికులకు కొత్త కోడ్ 14వ సెక్షన్ ఇచ్చింది. జాగ్రత్తగా ఉండడం, నియమాలు పాటించడం వాళ్ల బాధ్యత అని కూడా కోడ్‌లో ఉంది, కాదనను. కానీ అది మీ బాధ్యతను తగ్గించదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. విధి తప్పడం వల్ల మనిషి చనిపోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ జరిమానాలో కనీసం సగం వారసులకు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. పరిహారం దీనికి అదనం. నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారని పోలీసులు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు కడితే అది వేరే. కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

జరిగిన ప్రమాదం సంగతి ఇప్పుడే తేల్చుకోండి. గాయం వల్ల 48 గంటలు, అంతకు మించి పని చేయలేకపోతే అధికారులకు నోటీసు ఇవ్వాలి. మీరు ఇవ్వలేదు. ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు రాసి వెంటనే ఇవ్వండి, పాత తేదీ వేయకండి. ఆమె ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా)లో ఉంటే ప్రమాద రిపోర్టు అక్కడా పెట్టండి. పనిలో తగిలిన గాయానికి సుమారు 90 శాతం వేతనం వాళ్లు ఇస్తారు. ఈఎస్ఐలో లేకపోతే, మూడు రోజులకు మించి పని చేయలేని గాయం కాబట్టి పరిహారం మీరే ఇవ్వాలి. ఆసుపత్రి ఖర్చు పెట్టడం మంచిదే, కానీ దానితో ఇది తీరిపోదు.

సంతకాల అసలు కాగితాలు చించకండి, అవీ నాకు పంపండి. అవి చెల్లవని కార్మికులందరికీ ఎలా రాసివ్వాలో చెబుతాను. నోటుపుస్తకంలో మొదటి పేజీ మాత్రం గాయపడ్డ ఆమెదే కావాలి. ఆ రోజు బెల్టు దగ్గర ఏం జరిగిందో ఆమెనే చెప్పనివ్వండి, మేస్త్రీ పక్కన లేకుండా.