టెంట్ కోసం లోన్ సరే, ఆ టెంట్ ఎక్కడ వేస్తారు?

ప్రశ్న: మాది కాకినాడ. బెంగళూరులో ఉద్యోగం, బెళ్ళందూరులో ఫ్రెండ్‌తో కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాను. చేతికి 82,000 వస్తుంది. అద్దెలో నా వాటా 17,000, ఇంటికి 15,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 10,000, మిగతా ఖర్చులు నా కుక్క బూరెతో కలిపి 25,000. ఎఫ్‌డీ 1,60,000 ఉంది. డిసెంబరు ఆఖర్లో నలుగురం ఫ్రెండ్స్, బూరె కలిసి ఒక ఫ్రెండ్ కారులో నాగర్‌హొళె, బందీపూర్, ముదుమలై మీదుగా ఆరు రోజుల క్యాంపింగ్ ట్రిప్ అనుకుంటున్నాం. కారు పైన బిగించే టెంట్ 65,000, చిన్న ఫ్రిజ్ 22,000, స్లీపింగ్ బ్యాగులు, స్టవ్, కుర్చీలు 18,000, బూరె సామాను 8,000, ట్రిప్‌లో నా వాటా 25,000, చేతి ఖర్చులకు 12,000. మొత్తం లక్షన్నర. యాప్‌లో 14 శాతానికి 24 నెలల పర్సనల్ లోన్ చూపిస్తోంది. లోన్ తీసుకోనా, ఎఫ్‌డీ తీసేయనా, సిప్ ఆపనా? ఇంకోటి, మాలో ఒకడు గోకర్ణ ట్రిప్ డబ్బులు 6,400 ఇంకా ఇవ్వలేదు. మొహమాటం లేకుండా ఎలా అడగాలి?

జవాబు: మూడూ వద్దండి. ట్రిప్‌కి మాత్రం హాయిగా వెళ్ళిరండి.

మీరు రాసిన లెక్క మీరే ఇంకోసారి చదవండి. లక్షన్నరలో ట్రిప్ ఖర్చు పాతికవేలు. సామాను లక్షా పదమూడువేలు. మీరు అడుగుతున్న లోన్ ట్రిప్‌కి కానే కాదు, సామానుకి. లక్షన్నరకు 14 శాతం మీద 24 నెలలంటే ఈఎంఐ సుమారు 7,200, రెండేళ్లలో వడ్డీ దాదాపు 22,850. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే దాని మీద జీఎస్టీతో కలిపి ఇంకో 3,540. మొత్తం 26,000 దాటింది, అంటే ట్రిప్‌లో మీ వాటా కన్నా లోన్ ఖర్చే ఎక్కువ. డిసెంబరులో వెళ్ళొచ్చిన ఆరు రోజులకి ఆ తర్వాత రెండో డిసెంబరు దాకా కడుతూనే ఉంటారు.

ఇక టెంట్ సంగతి. కారు ఫ్రెండ్‌ది, దాని నెత్తిన పెట్టే 65,000 టెంట్ మీది. ట్రిప్ అయ్యాక అది ఎక్కడ ఉంటుంది? మీ బాల్కనీలో, బూరె పక్కన. అసలు ఆ కారు పైకప్పు ఎంత బరువు మోస్తుందో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, మీ ఫ్రెండ్ అది తీసి చూశారా అన్నది ఇంకో ప్రశ్న. వీటన్నిటికన్నా ముందు, మీరు రాసిన మూడు చోట్లా ఆ టెంట్ తెరవడానికి వీల్లేదు. మూడూ టైగర్ రిజర్వులు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న అడవులు. లోపల ఎవరి టెంట్ వాళ్ళు వేసుకోవడం సంగతి దేవుడెరుగు, అడవిలోంచి వెళ్ళే హైవే మీద కారు ఆపి దిగడం కూడా నిషేధమే. 2025లో బందీపూర్‌లో రోడ్డు మీద దిగి ఏనుగు ఫోటో తీయబోయి దాని కాళ్ళ కింద పడి బతికి బయటపడ్డ ఆయనకి అటవీశాఖ 25,000 జరిమానా వేసింది. అడవి బయట ప్రైవేటు స్థలంలో వేసుకుంటామంటారేమో, 2021 జనవరిలో వయనాడ్‌లో మేప్పాడి దగ్గర రిసార్ట్ వాళ్ళు వేసిన టెంట్ దగ్గరే ఒక టూరిస్టు ఏనుగు దాడిలో చనిపోయింది. అడవి అంచున గోడలున్న గది తీసుకోండి, డబ్బు పరంగా కూడా అదే చవక.

ఈ క్యాంపింగ్ ఐడియా అమెరికా పార్కుల వీడియోలు చూసి వచ్చిందని నా అనుమానం. తప్పేం లేదు, నేనూ చూస్తాను. కానీ అక్కడ పార్కుల్లో క్యాంప్‌గ్రౌండ్లు కట్టి మరీ ఇస్తారు, మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. పైగా అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో కూడా కుక్కను ఆరడుగుల పట్టీతో కారు దగ్గర, క్యాంప్‌గ్రౌండ్‌లో ఉంచుకోవాల్సిందే, కాలిబాటల మీదకి రానివ్వరు.

సరే, అసలు ఖర్చు ఎంతో చూద్దాం. బెంగళూరు నుంచి మైసూరు, నాగర్‌హొళె, బందీపూర్, ముదుమలై తిరిగి రావడానికి అటూ ఇటూ తిరుగుళ్ళతో 850 కిలోమీటర్లు వేసుకోండి. లీటరుకి 12 ఇచ్చే కారైతే 71 లీటర్లు, లీటరు 103 అనుకుంటే 7,300. టోల్‌కి వెయ్యి పక్కన పెట్టండి. టోల్ కోసం ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకుందామని ఎవరైనా అంటే, అది కారుకి ముడిపడి ఉంటుంది, ఏడాది లేదా 200 టోల్ ట్రిప్పులు, అంటే లాభం కారు ఓనర్‌ది, కాబట్టి ఆ ఖర్చు నలుగురి ఖాతాలో వేయకండి. రెండు గదులు, ఐదు రాత్రులు, గది 4,000 చొప్పున 40,000. సఫారీలకి తలా 5,000. తిండికి మనిషికి రోజుకి 800 చొప్పున 19,200. కూడితే 87,500, తలా సుమారు 22,000. అంటే మీరు వేసుకున్న పాతికవేలు సరైన అంచనానే. ఫ్రిజ్ మాత్రం నాకు అర్థం కాలేదు. బిడదిలో తట్టె ఇడ్లీ, మద్దూరులో వడ దొరికే దారిలో ఫ్రిజ్‌లో ఏం తీసుకెళ్తారండీ! కాకపోతే ఎక్స్‌ప్రెస్‌వే మీదే దూసుకుపోతే ఆ ఊళ్ళు తగలవు, సర్వీసు రోడ్డులోకి దిగాలి.

ఈ డబ్బు ఎక్కడి నుంచి? నెలకి 7,200 ఈఎంఐ కట్టగలననే కదా లోన్ అడిగారు. అయితే ఆ డబ్బే ట్రిప్‌కి ముందు పక్కన పెట్టండి. మీరు చెప్పిన లెక్కల ప్రకారం జీతంలో ఇంకా 15,000 మిగలాలి. అది మిగలట్లేదంటే ఎటు పోతోందో క్రెడిట్ కార్డ్ స్టేట్‌మెంట్ తీసి చూడండి, ఫుడ్ డెలివరీలో దొరుకుతుంది, నాకు తెలుసు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు జీతాలు పడ్డ రోజే 9,000 చొప్పున వేరే అకౌంట్‌కి వెళ్ళేలా పెట్టండి. డిసెంబరుకి 27,000. సిప్ ముట్టుకునే పని లేదు. ఎఫ్‌డీ ఆపద కోసం దాచుకున్నది, మూడు నెలల ఖర్చులు కూడా కాదది, దాన్ని అసలు లెక్కలోకే తీసుకోకండి. స్లీపింగ్ బ్యాగులు, కుర్చీలు కావాలంటే రోజు అద్దెకిచ్చే షాపులు బెంగళూరులోనే ఉన్నాయి.

బూరె విషయంలో రెండు దారులు. సఫారీ బండిలోకి కుక్కను ఎక్కించరు, అడవిలోకి రానివ్వరు. కారులో కట్టేసి అద్దం కాస్త దించి వెళ్తామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. కాబట్టి ఒకటి, బెంగళూరులో మంచి బోర్డింగ్‌లో వదిలిపెట్టడం. రోజుకి 800 అనుకుంటే ఆరు రోజులకి ఐదువేలు, పైన చెప్పిన 27,000లో అది సరిపోతుంది. డిసెంబరు ఆఖరి వారానికి చోటు ముందే నిండిపోతుంది, ఇప్పుడే చెప్పి పెట్టండి, రేబిస్ టీకా కార్డు అడుగుతారు. రెండోది, బూరెని తీసుకెళ్ళేటట్టయితే ట్రిప్‌నే మార్చడం. కొడగులో కుక్కల్ని రానిచ్చే కాఫీ ఎస్టేట్ హోమ్‌స్టే ఒకటి తీసుకుని అక్కడే ఉండి, నాగర్‌హొళెకి మాత్రం ఒక పూట వెళ్ళిరండి, ఆ పూట ఎవరో ఒకరు బూరె దగ్గర ఉండాలి. ఎవరుంటారో బెంగళూరులోనే తేల్చుకోండి, లేకపోతే ఆ డ్యూటీ ప్రతిసారీ మీకే పడుతుంది. ఎస్టేట్‌లో రాత్రి కుక్కను బయట కట్టకండి, చిరుతలకి కుక్క అంటే మహా ఇష్టం. గోమార్ల మందు కూడా వెళ్ళే ముందే వేయించండి. ఆ మందు ఖర్చు వందల్లో ఉంటుంది, గోమార్ల జ్వరం వస్తే రక్తపరీక్షలు, సెలైన్లతో బిల్లు వేలల్లోకి పోతుంది. నన్నడిగితే రెండో దారే బాగుంది, ఖర్చులో పెద్ద తేడా రాదు, మీరూ బూరె ఎలా ఉందోనని టెన్షన్ పడరు.

బుకింగ్స్ దగ్గర ఒక జాగ్రత్త. ఐదారు వందలు ఎక్కువైనా క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కిచ్చే గదులే తీసుకోండి. 2025 నవంబరులో మనుషుల మీద పులి దాడులు జరిగాయని కర్ణాటక ప్రభుత్వం బందీపూర్, నాగర్‌హొళె సఫారీలు ఆపించేసింది, అప్పటికే ముందుగా డబ్బు కట్టేసిన వాళ్ళ పరిస్థితి ఊహించుకోండి. బందీపూర్ అడవి రోడ్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు, నాగర్‌హొళె మీదుగా కేరళలోని మానంతవాడి వెళ్ళే రోడ్డయితే సాయంత్రం 6కే. మైసూరులో షాపింగ్ అంటూ ఆలస్యం చేస్తే అడవికి ముందే గుండ్లుపేటలో ఆగిపోయి అనుకోని గది అద్దె కట్టాలి. ముదుమలై నుంచి ఊటీ ఎక్కాలనిపిస్తే ఈ-పాస్ కావాలి, అది ఉచితమే.

కారు ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమేనా, డ్యామేజీకి కూడా ఉందా అని ఫ్రెండ్‌ని అడగండి. గీత పడితే ఎవరు పెట్టుకోవాలో ముందే మాట్లాడుకోండి. ఆ కారు వీలుకాక ఇంకెవరిదో వైట్ బోర్డ్ (తెల్ల నంబర్ ప్లేటు) కారు రోజుకింత అని అద్దెకి తీసుకునే పని మాత్రం పెట్టుకోకండి, సొంత వాడకానికి ఉన్న పాలసీ మీద అద్దెకి తిప్పితే క్లెయిమ్ తిరగ్గొట్టవచ్చు. అద్దెకైతే సెల్ఫ్ డ్రైవ్ కంపెనీల బ్లాక్ బోర్డ్ (నల్ల నంబర్ ప్లేటు) కారే తీసుకోండి.

ఇక 6,400 మనిషి. మొహమాటం లేకుండా అడగడం మనవాళ్ళకి చేతకాదు, కాబట్టి అడిగే అవసరమే రాకుండా చేయండి. ట్రిప్ అయ్యాక పంచుకుందాం అనే పద్ధతి ఈసారి వద్దు. నలుగురూ తలా 22,000 నవంబరు 30లోపు ఒకరి అకౌంట్‌లో వేయాలి, ఖర్చంతా అందులోంచే, మిగిలితే వెనక్కి. గ్రూపులో మీరు పెట్టే మెసేజ్‌లో ఎవరెవరు ఎంత వేయాలో పేర్లతో రాయండి, అతని పేరు ఎదురుగా 28,400 అని రాసి పక్కనే ‘గోకర్ణ 6,400తో కలిపి’ అని పెట్టండి. నలుగురి ముందు అంకె కనిపిస్తే కడతాడు. కట్టకపోతే ముగ్గురికే గదులు బుక్ చేయండి, తలా ఖర్చు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. పాపం ఈమధ్య ఉద్యోగం పోయిందనో ఇంకేదో నిజమైన ఇబ్బంది ఉంటే అది వేరే విషయం, అప్పుడు ఫోన్ చేసి విడిగా మాట్లాడండి.

మీరు రాయని ఖర్చు ఒకటుంది. డిసెంబరు ట్రిప్ అవగానే సంక్రాంతి. బెంగళూరు నుంచి కాకినాడకి పండగ ముందు ప్రైవేటు బస్సు టికెట్ ఎంత పలుకుతుందో మీకు చెప్పక్కర్లేదు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో జనవరి 11, 12 తేదీలకి నవంబరు రెండో వారంలోనే, తెరిచిన రోజు ఉదయమే టికెట్ చేసేయండి. తిరుగు టికెట్ కూడా.