ఆమె గురించి ఇంట్లో ‘ఫ్రెండ్’ అనే చెప్పాను

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బ్యాంకులో పనిచేసే అమ్మాయిని రెండేళ్లుగా ప్రేమిస్తున్నాను. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు వల్ల డిగ్రీకి వచ్చేసరికి ఆమెకు చూపు దాదాపు పోయింది. ఇంట్లో మాత్రం ‘ఫ్రెండ్, అప్పుడప్పుడు సాయం చేస్తుంటాను’ అని చెప్పాను. ఈమధ్య ‘ఇల్ కొలోరె నస్కోస్తో దెల్లె కోసె’ అనే ఇటాలియన్ సినిమా చూశాక నిద్ర పట్టడం లేదు, అందులో హీరో తెయో అచ్చం నాలాగే ఉన్నాడు. జీవితాంతం ఆమెను చూసుకోగలనా? పిల్లలకూ వస్తే? వచ్చే ఆదివారం పెళ్లిచూపులని అమ్మ అంటోంది.

జవాబు: సిల్వియో సోల్దీని 2017లో తీసిన ఆ సినిమా నేనూ చూశాను. టీనేజ్‌లోనే చూపు పోయిన ఎమ్మా రోమ్‌లో ఒంటరిగా ఉంటూ, ఆస్టియోపతీ (చేతులతో నొక్కి ఒంటి నొప్పులు తగ్గించే వైద్యం) చేస్తూ తన కాళ్ల మీద తను నిలబడుతుంది. చూపు లేదన్న నిజాన్ని ఒప్పుకోలేక గింజుకుంటున్న ఒక అమ్మాయికి తోడుగా కూడా ఉంటుంది. యాడ్ ఏజెన్సీలో పనిచేసే తెయోకేమో రెండు కళ్లూ బాగానే ఉన్నాయి గానీ, కన్నవాళ్లకు ముఖం చూపించే ధైర్యం లేదు, గ్రెటా అనే ఇంకో ఆమెతో సంబంధం ఉండగానే ఎమ్మా దగ్గరికి వస్తుంటాడు. వాళ్ల మధ్య బెడిసికొట్టింది ఆమెకు కళ్లు కనపడక కాదు, ఇతను దాచినందుకు. మీకు నిద్ర పట్టనిది కూడా అందుకే అనుకుంటాను.

‘చూసుకోగలనా’ అన్నచోట నాకు కొంచెం కోపం వచ్చింది. ఆవిడ రోజూ ఆఫీసుకు వెళ్లి, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేసి, జీతం తెచ్చుకుంటున్న మనిషి. రెండేళ్లుగా చూస్తున్నారు కదా, ఆమెకు మీతో నిజంగా ఏం పనిపడుతోందో ఒకసారి గుర్తుచేసుకోండి. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టి లాగకూడదు, మీ మోచెయ్యి అందిస్తే దానికి కాస్త పైన పట్టుకుని అరడుగు వెనకగా తనే నడుస్తుంది, మెట్టు వస్తే ‘పైకి’, ‘కిందికి’ అని చెబితే చాలు. వంటింట్లో ఉప్పు డబ్బా తీసినచోటే పెట్టాలి. గదిలోంచి వెళ్లిపోతుంటే ఒక మాట చెప్పి వెళ్లాలి, లేకపోతే పాపం ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోతుంది. కష్టం అసలే ఉండదని నేను అనను. బండి నడపడం, చేతిరాత కాగితాలు చదివిపెట్టడం లాంటివి చాలావరకు మీ మీదే పడతాయి, విసుగొచ్చే రోజులూ ఉంటాయి. విసుగొస్తే ఆమెతోనే చెప్పండి. ఇక వంట, పిల్లలు, డబ్బు ఎవరెవరు ఏం చూడాలన్నది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే, మిగతా జంటలు మాట్లాడుకున్నట్టే.

పిల్లల సంగతి మాత్రం ఊహించుకుని భయపడేది కాదు. ఈ జబ్బు వంశపారంపర్యమే, కానీ అన్ని కుటుంబాల్లో ఒకేలా రాదు. కొన్నిట్లో తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా పిల్లలకు రావచ్చు, కొన్నిట్లో ఇద్దరి నుంచీ ఆ లోపం అందితేనే వస్తుంది. మన దగ్గర మేనరికాల్లో ఇలాంటివి ఎక్కువగా బయటపడటానికి కారణం ఈ రెండోదే. ఆమె అమ్మానాన్నలది మేనరికమా అని అడగండి, ఆమె ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి ఎల్వీ ప్రసాద్ లాంటి పెద్ద కంటి ఆసుపత్రిలో జెనెటిక్ కౌన్సెలింగ్‌కు (జబ్బు పిల్లలకు వచ్చే అవకాశమెంతో వివరించే సలహాకు) వెళ్లండి. అక్కడ చెప్పేది విన్నాక నిర్ణయం మీ ఇద్దరిదే, మీ అమ్మగారిది కాదు.

ఇక అమ్మ సంగతి. ఏడుస్తారు, ‘మేం పోయాక నిన్నెవరు చూస్తార్రా’ అంటారు, చుట్టాలేమనుకుంటారో అని నాన్నగారు నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. ఇవన్నీ తట్టుకోవాల్సినవే. కానీ వాళ్లకంటే ముందు ఆమెకు చెప్పండి, ‘నిన్ను ఇంట్లో ఫ్రెండ్ అని చెప్పాను’ అని, ఒక్క ముక్క తగ్గించకుండా. ఆమె కోప్పడొచ్చు, కొన్నాళ్లు దూరం పెట్టొచ్చు, అసలు వద్దనే హక్కూ ఆమెకుంది. జాలి పడి ఒప్పుకోమని మీరు అడగకండి, ఆమె మీద మీకు జాలి ఉంటే ఇప్పుడే తేల్చేసుకోండి. ఆమె సరేనంటేనే ఇంటికి తీసుకెళ్లండి, అక్కడ అమ్మ ‘అమ్మాయికి కాఫీలో చక్కెర ఎంత?’ అని మిమ్మల్ని అడిగితే మీరు జవాబు చెప్పకండి, ఆమెనే అడగమనండి.

ఆదివారం పెళ్లిచూపులు మాత్రం ఈ రాత్రికే ఫోన్ చేసి ఆపించండి. ఏమీ తెలియని ఇంకో అమ్మాయిని ముస్తాబు చేసి మీ ఎదుట కూర్చోబెట్టడం ఆమెకు చేసే అన్యాయం.