సముద్రానికి దూరంగా ఉంటూ లాంగ్ ఎక్స్‌పోజర్ సూర్యాస్తమయాలు తీయడం నేర్చుకోవచ్చా?

మీరు అడిగింది ఇది: మీది నల్గొండ, ఈమధ్యే కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే వచ్చే మామూలు లెన్స్) కెమెరా కొన్నారు, డిసెంబర్‌లో ఇంట్లోవాళ్లతో బాపట్ల వెళ్తున్నారు. సముద్రం మీద పొద్దుగూకే వేళ షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచి (అదే లాంగ్ ఎక్స్‌పోజర్), నీళ్లు పొగమంచులా కనిపించే ఫొటోలు తీయాలని ఉంది, అందుకు ఏ ఫిల్టర్ కొనాలి అని.

ఫిల్టర్ సంగతి చివర్లో చెప్తాను. ముందు బాపట్ల సంగతి. అక్కడి సూర్యలంక బీచ్‌లో సముద్రం మనకు ఆగ్నేయం వైపు ఉంటుంది. అంటే సూర్యుడు నీళ్లలోంచి పైకొస్తాడు గానీ నీళ్లలోకి దిగడు. సాయంత్రం సూర్యుడు నీళ్ల మీద కాకుండా నేల వైపు అస్తమిస్తాడు. ఇది తెలియక నిరాశపడేవాళ్లు చాలామంది. అలాగని ప్రయాణం మానుకోవద్దు. డిసెంబర్‌లో సూర్యుడు ఆగ్నేయానికి జరిగి ఉదయిస్తాడు, కాబట్టి అక్కడ సూర్యోదయం సరిగ్గా నీళ్ల మీదే దొరుకుతుంది. పద్ధతి అదే, వరస మాత్రం తలకిందులు. సాయంత్రం వెలుగు తగ్గేకొద్దీ షట్టర్ సమయం పెంచుకుంటూ పోతాం, ఉదయం చీకట్లో మొదలుపెట్టి తగ్గించుకుంటూ వస్తాం. ఇక సాయంత్రం కూడా కెమెరా బ్యాగులోనే ఉంచకండి. ఆకాశం శుభ్రంగా ఉంటే, పొద్దు గూకిన కాసేపటికి తూర్పున సముద్రం మీద గులాబీ రంగు పట్టీ ఒకటి లేస్తుంది, దాని కింద నీలంగా కనిపించేది భూమి నీడ. ఆ లేత రంగులకు లాంగ్ ఎక్స్‌పోజర్ చక్కగా నప్పుతుంది.

సూర్యుడు నీళ్లలో మునిగే ఫొటోనే కావాలంటే పడమటి తీరానికి వెళ్లాలి. గోకర్ణ, మురుడేశ్వర్, గోవా. నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను, మాకు రాయచూరు, హుబ్బళ్లి మీదుగా గోకర్ణ వెళ్లడం వీలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ వానలు, ఉధృతమైన సముద్రం, మబ్బు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే మంచిది.

కానీ సముద్రం దగ్గరకు వెళ్లి నేర్చుకోవడం కన్నా నేర్చుకుని సముద్రం దగ్గరకు వెళ్లడం మేలు. ఇది నేను గట్టిగా నమ్మే మాట. సూర్యబింబం నీటి అంచును తాకాక పూర్తిగా దిగిపోవడానికి రెండున్నర నిమిషాలు కూడా పట్టదు. ఆ టెన్షన్‌లో ఏ బటన్ ఎక్కడుందో వెతుక్కుంటే ఏమీ మిగలదు. మీకు పానగల్ ఉదయ సముద్రం ఊరి అంచునే ఉంది. ఆదివారాలు నాగార్జునసాగర్ ఉంది. మాకు కోయిల్‌సాగర్, ఇంకాస్త దూరం పోతే సోమశిల దగ్గర కృష్ణ. ఏ చెరువైనా సరే, నీళ్లు పడమర వైపు పరుచుకుని కనిపించే ఒడ్డు ఏదో ఫోన్ మ్యాప్‌లో చూసుకోండి. ఇంకో సంగతి, సూర్యుడు ఏడాదంతా ఒకేచోట అస్తమించడు. మన ప్రాంతంలో జూన్‌లో పడమరకు దాదాపు పాతిక డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబర్‌లో అంతే దక్షిణంగా దిగుతాడు. ఎండాకాలం మీకు నచ్చిన జాగా చలికాలానికి పనికిరాకపోవచ్చు. సాగర్ డ్యామ్ దగ్గరైతే ట్రైపాడ్ తెరిచే ముందు అక్కడి సెక్యూరిటీ వాళ్లను అడగండి.

మొదట్లో ఫిల్టర్ అసలు వద్దు. ట్రైపాడ్ చాలు, అది మాత్రం గట్టిది కొనండి. కాళ్లు సన్నగా, తేలిగ్గా ఉన్నవి గాలికి వణుకుతాయి, సాయంత్రం చెరువు కట్ట మీద గాలి మామూలుగా ఉండదు. మధ్య కర్ర పైకి లేపకండి. సూర్యుడు దిగిపోయాక అందరూ బండ్లు స్టార్ట్ చేసుకుని వెళ్లిపోతారు, మీరు ఆగండి. ఐఎస్ఓ (కెమెరా వెలుగుకు ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100, అపర్చర్ (వెలుగు వచ్చే లెన్స్ రంధ్రం) ఎఫ్11 పెట్టుకుంటే, ఇరవై నిమిషాలు గడిచేసరికి ఏ ఫిల్టరూ లేకుండానే షట్టర్ సమయం సెకను దాటుతుంది. ఇంకో పది నిమిషాలకు చాలా సెకన్లకు పోతుంది. నాకు నచ్చిన ఫొటోల్లో ఎక్కువ భాగం సూర్యుడు కనబడని ఈ అరగంటలోనివే. బింబం ఫ్రేములో ఉంటే అది ఒక తెల్లటి మచ్చ అయిపోతుంది, చుట్టూ ఉన్న రంగుల్ని కూడా మింగేస్తుంది. అది వెళ్లాకే ఆకాశం రంగులు నీళ్లలోకి దిగుతాయి.

కెమెరాలో చేయాల్సినవి చెప్తాను. రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా పట్టిన సమాచారమంతా అలాగే దాచే ఫైల్‌గా తీయండి. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ ఎరుపును తగ్గించాలని చూస్తుంది, అందుకే డేలైట్‌లో పెట్టండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయండి. రెండు సెకన్ల టైమర్ వాడితే బటన్ నొక్కిన కుదుపు ఫొటోలోకి రాదు. అపర్చర్ ఎఫ్8, ఎఫ్11 దగ్గర ఉంచండి, సమయం పెరుగుతుంది కదా అని ఎఫ్22కు పోతే రంధ్రం మరీ చిన్నదై ఫొటో మొత్తం కాస్త మెత్తబడుతుంది. ఫొటోలో చుక్కల్ని తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే, అర నిమిషం ఫొటో తీశాక కెమెరా ఇంకో అర నిమిషం దానికదే పని చేసుకుంటుంది. వెలుగు నిమిషనిమిషానికీ మారే వేళ అంత సమయం పోగొట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు, నేను ఆపేస్తాను.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. మీది డీఎస్ఎల్ఆర్ (లోపలి అద్దం ద్వారా లెన్స్‌లోంచే నేరుగా చూపించే కెమెరా) అయితే సూర్యుడు ప్రకాశంగా ఉన్నప్పుడు వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూడకండి. వెనక స్క్రీన్ మీదే చూడండి.

చెరువు నేర్పనిది ఒకటుంది, అల. చెరువు నీటిని అర నిమిషం తీసినా రెండు నిమిషాలు తీసినా దాదాపు ఒకేలా, అద్దంలా వస్తుంది. సముద్రం అలా కాదు. అక్కడ అర నిమిషం తీస్తే అలలన్నీ కలిసిపోయి రాళ్ల చుట్టూ పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. అదే అర సెకను తీస్తే, వెనక్కి జారే నురగ ఇసుక మీద తెల్లటి గీతలు గీస్తుంది, నీటికి కదలిక ఉంటుంది. నాకు ఈ రెండోదే ఇష్టం. గోకర్ణ ఓం బీచ్‌లో ఒకే రాయి ముందు సాయంత్రమంతా నిలబడి చూశాక అర్థమైంది, అల వస్తున్నప్పుడు కాదు, వచ్చి వెనక్కి తిరిగే క్షణంలో నొక్కాలి. టైమర్ పెడితే ఆ క్షణం దాటిపోతుంది కాబట్టి ఈ పనికి చిన్న రిమోట్ కొనుక్కోండి.

దీన్ని ఇక్కడ సాధన చేయడానికి ఒక దారి ఉంది. వానాకాలంలో చెరువులు అలుగు పారేటప్పుడు వెళ్లండి. అలుగు మీంచి దూకే నీళ్లను సెకనులో ఎనిమిదో వంతు, అర సెకను, రెండు సెకన్లు, ఇలా వరసగా తీసి ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. ఏ సమయానికి నీరు దారాల్లా ఉంటుందో, ఏ సమయానికి వట్టి తెలుపైపోతుందో మీ కళ్లకే తెలుస్తుంది. నీళ్లకు కాస్త దూరంగా, పొడి నేల మీద నిలబడే తీయండి, పాచి పట్టిన అలుగు రాళ్లు చాలా జారుడు. సాగర్‌లోనో సోమశిలలోనో చేపలు పట్టేవాళ్ల పుట్టి ఫ్రేములో ఉంటే షట్టర్ సమయం బాగా తగ్గించుకోండి, అర నిమిషం తీస్తే అది చెదిరిన నల్ల మరకలా మిగులుతుంది. ఒడ్డున కట్టేసిన పుట్టి కూడా నీటి మీద ఊగుతూనే ఉంటుంది, ఒడ్డుమీదకు లాగి పెట్టినదైతే బాగా వస్తుంది.

సముద్రం దగ్గర ముందు పది నిమిషాలు కెమెరా తీయకుండా అలల్ని చూడండి. పెద్ద అల ఎంతదాకా వస్తోందో గమనించి ఇంకా వెనకే సామాను పెట్టుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుంది, రాళ్ల మీదకు వెళ్లే ముందు ఆరోజు పోటు వేళలు చూసుకోవాలి. తడి ఇసుకలో ట్రైపాడ్ కాళ్లను బలంగా కిందికి నొక్కి పెట్టండి, లేకపోతే అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది, ఫొటో మధ్యలో కెమెరా కుంగుతుంది. లెన్స్ మీద ఉప్పు తుంపర పడుతూనే ఉంటుంది, మెత్తటి గుడ్డలు రెండు మూడు జేబులో ఉంచుకోండి. బసకు రాగానే ట్రైపాడ్ కాళ్లు విప్పి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

ఇప్పుడు ఫిల్టర్. ఎన్‌డీ ఫిల్టర్ అంటే వెలుగును తగ్గించే నల్లటి అద్దం. వెలుగు సగానికి తగ్గితే ఒక స్టాప్ తగ్గినట్టు, తగ్గే ప్రతి స్టాప్‌కూ సమయం రెట్టింపవుతుంది. ఫిల్టర్ లేకుండా కెమెరా సెకనులో 15వ వంతు చూపిస్తోందనుకుందాం. ఆరు స్టాపుల ఫిల్టర్ పెడితే అది దాదాపు 4 సెకన్లు, పది స్టాపులదైతే నిమిషం దాటిపోతుంది. చాలా కెమెరాల్లో 30 సెకన్లు దాటితే బల్బ్ మోడ్‌లోకి (బటన్ నొక్కి ఉంచినంతసేపు షట్టర్ తెరిచి ఉండేది) వెళ్లి సమయం మీరే లెక్కపెట్టుకోవాలి. అందుకే మొదటి ఫిల్టర్‌గా ఆరు స్టాపులది కొనమంటాను, దాని మీద ఎన్‌డీ64 అని రాసి ఉంటుంది. సూర్యాస్తమయానికి అటూ ఇటూ ఉన్న వెలుగుకు అదే ఎక్కువగా పనికొస్తుంది. పది స్టాపులది పెడితే కెమెరాకు సరిగ్గా ఏమీ కనబడక ఆటోఫోకస్ తడుముకుంటుంది. ఏ ఫిల్టరైనా ముందు ఫోకస్ చేసి, దాన్ని మాన్యువల్‌కు మార్చి, ఆ తర్వాతే లెన్స్ కదలకుండా మెల్లగా బిగించాలి. తిప్పితే నలుపు పెరిగే వేరియబుల్ ఎన్‌డీ ఒక్కటి కొంటే సరిపోతుందని షాపులో చెప్తారు. వైడ్ లెన్స్ మీద దాన్ని చివరిదాకా తిప్పితే ఆకాశంలో గుణకారం గుర్తులా నల్లటి మచ్చ పడుతుంది, అందుకని నేను దాన్ని సిఫారసు చేయను.

కొనే ముందు లెన్స్ ముందు భాగం మీద సున్నాలాంటి గుర్తు పక్కన ఒక అంకె ఉంటుంది, 55 లేదా 58 లాంటిది, అది చూసుకోండి. మీకు కావాల్సిన ఫిల్టర్ వ్యాసం అదే. రేపు పెద్ద లెన్స్ కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే 77 సైజు ఫిల్టర్ తీసుకుని, మీ కిట్ లెన్స్‌కు స్టెప్ అప్ రింగ్ (చిన్న లెన్స్‌కు పెద్ద ఫిల్టర్ బిగించే చక్రం) వేసుకోండి. రింగ్‌కు పెద్దగా ఖర్చవదు, ఫిల్టర్ మళ్లీ కొనే పని తప్పుతుంది.