జానపదం వదిలి ఆర్కెస్ట్రా పెట్టమంటున్నారు, అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. వయసు 34. పదకొండేళ్లుగా జానపద గాయనిని. బతుకమ్మ, బోనాల పాటలతోనే పేరు వచ్చింది. నా భర్త డప్పు వాయిస్తారు. నిరుడు 62 ప్రోగ్రాములకు 9.3 లక్షలు, సొంత యూట్యూబ్ చానల్ మీద 1.4 లక్షలు వచ్చాయి. బృందానికి, బండికి 4.6 లక్షలు పోయాయి. జానపదానికి ఈ గిరాకీ ఎన్నాళ్లో ఉండదు, 12 లక్షలతో సౌండు, లైట్లు కొని సినిమా పాటల ఆర్కెస్ట్రా పెట్టమని మా బావగారు అంటున్నారు. అందుకు 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి, 8 లక్షలు అప్పు తేవాలి. నాకు జానపదం వదలాలని లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు పంపిన ప్రోగ్రాముల డైరీ ఫోటోల్లోనే సగం జవాబు ఉంది. 62 ప్రోగ్రాముల్లో 27 వినాయక చవితికీ సద్దుల బతుకమ్మకీ మధ్య వచ్చాయి. బోనాలకు 13, పెళ్లిళ్లకు 17. మూఢం, పుష్యమాసం పడిన నెలల్లో మొత్తం అయిదు. ఖర్చులు పోగా మిగిలింది 6.1 లక్షలు, అంటే నెలకు సగటున 50 వేల పైచిలుకు. కానీ ఆ సగటు మీ ఇంట్లో ఏ నెలా కనిపించి ఉండదు. ఒక నెల లక్షన్నర, ఇంకో నెల కిరాణా కొట్లో ఖాతా.

ఆర్కెస్ట్రా ఈ గుంటను పూడ్చదు. పెళ్లివారు పిలిచేది అవే ముహూర్తాలకు, మండపాల వారు పిలిచేది అవే రాత్రులకు. ఖాళీ నెలలు ఖాళీగానే ఉంటాయి. 8 లక్షల అప్పు 12 శాతం వడ్డీకి, నాలుగేళ్లకు తెస్తే నెలకు దాదాపు 21 వేలు కట్టాలి. పెళ్లిళ్లకు మూఢం ఉంటుంది గానీ ఈఎంఐకి ఉండదు.

మీ బావగారి లెక్కలో లేనిది జీఎస్టీ. జానపద, శాస్త్రీయ సంగీత ప్రదర్శనలకు ఒక్కో ప్రదర్శనకు 1.5 లక్షల రూపాయల వరకు పారితోషికం మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. మీరు పాడేదంతా ఇప్పుడు ఆ గొడుగు కిందే ఉంది. సినిమా పాటల ఆర్కెస్ట్రాకు ఆ మినహాయింపు లేదు. పైగా రిజిస్ట్రేషన్‌కు చూసే 20 లక్షల పరిమితిలో మినహాయింపు ఉన్న జానపద ఆదాయాన్నీ కలుపుతారు. ఆర్కెస్ట్రా మీద ఏడాదికి 15 లక్షలు వస్తాయని ఆయన అంచనా. మీ పాత ఆదాయంతో కలిపితే పరిమితి దాటేశారు. అప్పుడు ఆర్కెస్ట్రా బిల్లుల మీద 18 శాతం పడుతుంది. 20 వేలకు బేరం కుదుర్చుకున్న పెళ్లివారు పన్ను విడిగా ఇవ్వరు కదా, ఆ 20 వేలలోంచే సుమారు 3,050 తీసి కట్టాలి. కొన్న సామాను మీద కట్టిన పన్ను కొంత సర్దుబాటు అవుతుంది, నిజమే. కానీ అది మొదట్లోనే.

అందుకని జానపదమే పట్టుకుని కూర్చుంటే చాలని అనను. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు జీవితాన్ని అన్నమయ్య కీర్తనలకే ఇచ్చారు. వెనుక తిరుమల తిరుపతి దేవస్థానం వారి అన్నమాచార్య ప్రాజెక్టు కొలువు ఉండేది. పన్నెండు మెట్ల కిన్నెరను వదలని దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నట్టు పత్రికల్లో చదివాం. ఇద్దరూ తమ పాటను వదలలేదు. ఒకరికి నెల తిరిగేసరికి జీతం ఉండేది, మరొకరికి లేదు. మీకూ ఎవరూ జీతం ఇవ్వరు కాబట్టి, మీ జీతం మీరే ఇచ్చుకోవాలి.

ప్రోగ్రాముల డబ్బుకు విడిగా ఒక ఖాతా తెరవండి. అందులోంచి ప్రతి ఒకటో తారీఖున ఇంటి ఖాతాకు 38 వేలు మాత్రమే పంపండి, అది బతుకమ్మ నెల అయినా సరే. ఏడాదికి లక్షన్నర మిగులుతుంది. మొదట కుటుంబానికంతటికీ ఆరోగ్య బీమా తీసుకోండి. మీ ఆస్తి మీ గొంతు, దానికి ఆపరేషన్ పడితే ఆదాయం, ఖర్చు రెండు వైపులా దెబ్బే. తర్వాత మీ ఇద్దరికీ టర్మ్ పాలసీలు (ప్రాణానికి మాత్రమే చేసే బీమా), మిగిలింది పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు ఖాతాలో. 4 లక్షల డిపాజిట్ జోలికి వెళ్లకండి, అది మీ పుష్యమాసానికి దన్ను.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది డైరీ చివరి పేజీ. ‘చానల్ వాళ్లకు 9 పాటలు, ఒక్కోటి 10 వేలు’ అని ఉంది. వాటిలో నాలుగు మీరే రాసి, బాణీ కట్టినవి అన్నారు. తరతరాలుగా పాడుకుంటున్న పాట ఎవరి సొత్తూ కాదు. మీరు కొత్తగా రాసిన మాట, కట్టిన బాణీ మాత్రం మీవి. మొత్తం హక్కులు రాసిచ్చి 10 వేలు పుచ్చుకుంటే, ఆ పాట పదేళ్లు మోగినా మీకు పైసా రాకపోవచ్చు. రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. గాయనిగా కూడా మీకు రాయల్టీ హక్కు ఉంది, 2012 కాపీరైట్ సవరణ దాన్ని ఇచ్చింది. సొంత పాటలు మీ చానల్‌లోనే పెట్టండి. రికార్డింగుకు ఏడాదికి 60, 70 వేలు పెట్టడం నాకు సమ్మతమే. సినిమా వాళ్లు పిలిస్తే వెళ్లి పాడి రండి, పెట్టుబడి లేని పని. సౌండు, లైట్లు అద్దెకు తెచ్చుకోండి.

ఈవెంట్ సంస్థలు మీ పారితోషికంలోంచి ముందే ఆదాయపు పన్నుగా కోసిన 31 వేల టీడీఎస్ సంగతి మర్చిపోయినట్టున్నారు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు నికర ఆదాయానికి పన్ను పడదు, మీది 6.1 లక్షలు. గడువు దాటకముందే రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. బృందానికి ఇచ్చిన ప్రతి చెల్లింపుకూ ఫోన్‌పే రుజువో, సంతకమో ఉంచుకోండి.

పదో పాటకు చానల్ వాళ్లు కాగితం పంపారని రాశారు. సంతకం చేయకముందే దాన్ని ఒకసారి నాకు పంపండి.