గన్ను పట్టింది, కరెంటెక్కలేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం అడాప్టర్ల గోలే. ఐటీఐలో కుర్రాళ్లకి మోటారు స్టార్టర్లు విప్పి చూపించుకుంటూ రిటైరైన నేను శ్రీకాకుళంలో కూర్చుని కార్ల చార్జింగు మీద జవాబులు రాస్తానని ఏనాడూ అనుకోలేదు. నాలుగు ఉత్తరాలు ఏరాను. మొదటిదే చోటంతా మింగేసింది, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ, మాది కాశీబుగ్గ, జీడిపప్పు వ్యాపారం. ఆఫీసర్లు తిరిగిన పాత ఎలక్ట్రిక్ సెడాన్ చవగ్గా వస్తే కొన్నాను. దాని ఫాస్ట్ చార్జింగు మూత తీస్తే తొమ్మిది పిన్నుల గుండ్రటి సాకెట్టు ఉంది. హైవే మీద ఏ చార్జరు చూసినా కేబులు చివర కింద రెండు లావు పిన్నులున్న గన్నే. ఆన్‌లైన్‌లో అడాప్టర్ తెప్పించాను. అటు గన్నుకీ పట్టింది, ఇటు కారుకీ పట్టింది. కానీ చార్జరు తెర మీద కమ్యూనికేషన్ ఎర్రర్ అని పడి ఆగిపోతోంది. రెండు చోట్ల చూశాను, అదే వరస. అడాప్టర్ పాడైందా, చార్జరు పాడైందా? మా వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు అడాప్టర్ విప్పి లోపల వైరు కలుపుతానంటున్నాడు.

జవాబు: ముందు ఆ కుర్రాడి చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కోండి బాబూ. తర్వాత మాట్లాడుకుందాం.

ఏదీ పాడవలేదు. మీ కారు పుట్టిన కాలం వేరు, ఆ చార్జర్లు పుట్టిన కాలం వేరు. 2017లో కేంద్రం తరఫున ఈఈఎస్ఎల్ సంస్థ ఆఫీసు వాడకానికి పది వేల ఎలక్ట్రిక్ కార్లకి టెండరు పిలిచింది. టాటా వాళ్లు, మహీంద్రా వాళ్లు ఇచ్చారు. అప్పటికి మన దేశంలో నడిచిన పద్ధతి పేరు భారత్ డీసీ-001. పవరు 15 కిలోవాట్లు, గన్ను చైనా వాళ్ల జీబీ/టీ ఆకారం. మీ తొమ్మిది పిన్నులు అవే. ఆ కార్ల బ్యాటరీ 72 వోల్టులు. 2019-20 నుంచి సొంతానికి కొనుక్కునే పెద్ద కార్లు 300 వోల్టులు దాటిన బ్యాటరీలతో, సీసీఎస్-2 అనే సాకెట్టుతో వచ్చాయి. మీరు చూసిన రెండు లావు పిన్నుల గన్ను దానిదే. హైవే చార్జర్లన్నీ వాటికోసం పెట్టినవి.

మీ అడాప్టర్‌లో ఉన్నది రాగి కడ్డీలు, ప్లాస్టిక్కు, అంతే. కానీ ఫాస్ట్ చార్జింగులో కరెంటు పారేముందు కారూ చార్జరూ మాట్లాడుకోవాలి. ఎన్ని వోల్టులు కావాలి, ఎన్ని ఆంప్స్ తట్టుకోగలవు, బ్యాటరీ ఎంత వేడిగా ఉంది, ఇవన్నీ. మీ జీబీ/టీ సాకెట్టు ఈ మాటల్ని రెండు విడి పిన్నుల మీద, క్యాన్ అనే పద్ధతిలో చెబుతుంది. సీసీఎస్-2 అయితే కంట్రోల్ పైలట్ అనే ఒకే సన్నటి వైరు మీద, పీఎల్‌సీ పద్ధతిలో చెబుతుంది. ఒకడు ఒడియా మాట్లాడుతుంటే ఇంకొకడు తెలుగు వింటున్నాడు. ఇచ్ఛాపురంలో అయినా మధ్యలో రెండూ వచ్చినవాడు దొరుకుతాడు గానీ మీ రాగి కడ్డీకి ఏ భాషా రాదు.

మరి మాటలు తర్జుమా చేసే అడాప్టర్లు లేవా అంటారు. ఉన్నాయి. లోపల సర్క్యూట్ బోర్డు, దానికో చిన్న బ్యాటరీ. ఆ చిన్న బ్యాటరీని మళ్లీ ఫోన్లాగా విడిగా చార్జి చేసుకోవాలి. అవి బాగా ఖరీదు. నేను ఇక్కడే ఆపేస్తే మీరు రేపే ఆర్డరు పెడతారు. పెట్టకండి. అసలు అడ్డం ఇంకోటి ఉంది.

చార్జరు పక్కన రేకు మీద అక్షరాలుంటాయి, మనం ఎవరం చదవం. అవుట్‌పుట్ అని రాసి ఉన్నచోట చూడండి. ఎక్కువగా 150 నుంచో 200 నుంచో మొదలై 750, 1000 వోల్టుల దాకా ఉంటుంది. అంటే ఆ యంత్రం 150కో 200కో కిందికి దిగలేదు. మీ కారు అడిగేది 72, ఎంత నిండినా ఎనభై పైచిలుకు. భాష కలిపినా, అడిగింది ఇచ్చే శక్తి దానికి లేదు. పాల చెంబుకి వంశధార కాలువ తూము తగిలిస్తామా? అలాంటిదే.

కాగితం తీసి ఓ లెక్క కట్టండి. 15 కిలోవాట్లని 72 వోల్టులతో భాగిస్తే 208 ఆంప్స్. అదే 15 కిలోవాట్లు 350 వోల్టుల దగ్గరైతే 43 ఆంప్సే. కార్ల కంపెనీలు వోల్టులు ఎందుకు పెంచుకుంటూ పోయాయో ఇందులోనే ఉంది. మీ కుర్రాడు కలుపుతానన్న సెల్‌ఫోను వైరు 208 ఆంప్స్ ముందు దారప్పోగు.

మరేటి సెయ్యాల అంటారా? అడాప్టర్ వాపసు చేయండి. కారుకి రెండో మూత ఉంటుంది, ఏసీ చార్జింగుది. ఇంట్లో మంచి ఎర్తింగుతో 15 ఆంప్స్ సాకెట్టు విడి లైను వేయించి రాత్రి తగిలించండి. చిన్న బ్యాటరీయే కదా, తెల్లారేసరికి నిండుతుంది. మందస, వజ్రపుకొత్తూరు, టెక్కలి తిరుగుళ్లకి ఆ కారు లక్షణంగా పనికొస్తుంది. విశాఖ ప్రయాణానికి మాత్రం రైలెక్కండి, పలాసలో చాలా బళ్లు ఆగుతాయి.

ప్రశ్న: గురువుగారూ, నేను ఎచ్చెర్ల దగ్గర కాలేజీలో లెక్చరర్ని. కారు కొత్తదే, సీసీఎస్-2 దే. వాన రోజుల్లో హైవే చార్జరు పెడితే ముందు బాగానే మొదలై, కాసేపటికి టక్కున ఆగిపోతుంది. పైగా ఒకచోట కేబులు పొట్టిది, కారు దాకా రాలేదు. మా మరిది ఫాస్ట్ చార్జింగు ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి అమ్ముతున్నారు, కొనేద్దాం వదినా అంటున్నాడు.

జవాబు: మరిది మీద కోపం వద్దమ్మా, కేబుల్ మాత్రం వద్దు. కేబులు పొట్టిదైతే కారు తిప్పి వెనక్కి పెట్టండి, లేదా పక్క గన్ను ఖాళీ అయ్యేదాకా ఆగండి. చార్జరు కేబులు గన్ను దగ్గర వేడిని కొలిచే సెన్సరు ఉంటుంది, వేడెక్కితే ఆంప్స్ తగ్గించుకుంటుంది. మధ్యలో ఇంకో అతుకు వేస్తే ఆ అతుకు వేడెక్కినా చార్జరుకి తెలియదు. వందల వోల్టుల డీసీలో వదులు అతుకు నిప్పు రాజేస్తుంది. ఏసీ నిప్పుకీ డీసీ నిప్పుకీ తేడా మా వర్క్‌షాపులో వెల్డింగు చేసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. డీసీ ఒకసారి అంటుకుంటే వదలదు.

ఇక ఆగిపోవడం సంగతి. ఎప్పుడు ఆగిందో గమనించడం నేర్చుకుంటే సగం రోగం తెలిసిపోతుంది. గన్ను దూర్చగానే కారు తాళం టక్‌మంటుంది. ఆ వెంటనే ఆగితే మాటలు కుదరలేదన్నమాట. దీనికి నాటు వైద్యం ఒకటి పనిచేస్తుంది. ఆ గన్నూ కేబులూ బరువు, కిందికి వాలిపోతాయి. మాట్లాడే చిన్న పిన్నులు గన్ను పైభాగంలో ఉంటాయి, సరిగ్గా ఆనవు. అరచెయ్యి కింద పెట్టి గన్ను ఎత్తి పట్టుకుని, తాళం పడి మాటలు అయ్యేదాకా అలాగే ఉంచండి. నవ్వుకుంటారు గానీ చేసి చూడండి.

తాళం పడి, మాటలు నడిచి, అప్పుడు ఆగితే అది రెండో దశ. కరెంటు వదిలే ముందు చార్జరు కేబులు మీద వోల్టేజి పెట్టి, లావు పిన్నుల నుంచి ఎర్తుకి కరెంటు కారుతోందా అని పరీక్ష చేస్తుంది. చార్జింగు మొదలయ్యాక కూడా ఆ కాపలా ఉంటుంది. తడి ఉంటే కారుతుంది. తెర మీద ఇన్సులేషన్ లేదా ఐసొలేషన్ అని పడుతుంది. మీ వాన రోజుల కథ ఇదే అనిపిస్తోంది. గన్నుని కొక్కేనికి తగిలించకుండా నేల మీద పడేసి పోయేవాళ్ల పుణ్యం కూడా ఉంటుంది. గన్నుని తలకిందులు చేసి నీళ్లు దులపండి, కారు సాకెట్టుని పొడి గుడ్డతో బయట అంచు తుడవండి, లోపల వేలు పెట్టొద్దు. కాసేపు మూత తెరిచి ఆరనిచ్చి మళ్లీ పెట్టండి. వానలేని రోజు కూడా అదే వస్తే అప్పుడు సర్వీసు సెంటరు. వాళ్లకి తెర ఫొటో చూపించండి, మాటలతో చెప్పకండి.

మన తీరం గాలిలో ఉప్పు ఉంటుంది, పిన్నుల మీద తెల్లగా పొడి కడుతుంది. దానికి కొబ్బరినూనె రాశామని ఉద్దానం నుంచి ఒకాయన ఫోను చేశారు. రాయకండి నాయనా, దానికి దుమ్ము అంటుకుంటుంది.

ఇంకోటి. చార్జరు మొత్తం ఎర్రగా వెలుగుతూ అసలు పలకకపోతే ముందు పుట్టగొడుగులాంటి ఎర్ర మీట చూడండి. ఎవరో నొక్కి వదిలేసి ఉంటారు. గడియారం తిరిగే వైపు తిప్పితే పైకి లేస్తుంది. ఈ ఒక్క మీట తెలియక నలభై కిలోమీటర్లు వెనక్కి వెళ్లినవాళ్లు నాకు తెలుసు.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నేనూ మాస్టారినే, రాజాంలో హైస్కూలు. స్కూటరు నాది. కార్ల స్లో చార్జరు గన్నుకి తగిలిస్తే ఇటుపక్క మామూలు మూడు పిన్నుల సాకెట్టు వచ్చే అడాప్టర్ కొన్నాను. దాంట్లో నా స్కూటరు చార్జరు పెట్టుకుంటాను. చీపురుపల్లిలో ఒక హోటలు దగ్గర బాగా ఎక్కుతోంది. విజయనగరంలో ఒకచోట మాత్రం ఎర్ర లైటు. రెండూ ఒకే టైపు గన్ను కదా?

జవాబు: రాజాం అంటే చెయ్యి ఇంకా శ్రీకాకుళం జిల్లా అనే రాసేస్తుంది, 2022లో విజయనగరంలో కలిసిందని గుర్తు చేసుకోవాలి. సరే.

గన్ను ఒకటే. ఒక చార్జరు చూసీ చూడనట్టు పోయేది, ఇంకోటి చండశాసనం. టైప్-2 అనే ఈ స్లో చార్జరు గన్నులో కంట్రోల్ పైలట్ వైరు మీద 12 వోల్టులు ఉంటాయి. కారు తగిలితే కారులోని రెసిస్టరు వల్ల అది 9కి దిగుతుంది. పంక్తిలో వచ్చి కూర్చున్నట్టు. తర్వాత కారు ఇంకో రెసిస్టరు కలిపి 6కి దింపుతుంది. విస్తరి కడుక్కున్నాం, వడ్డించండి అన్నట్టు. అప్పుడే చార్జరు కరెంటు వదులుతుంది. మీ అడాప్టర్ చేసేది కారు వేషం. ఈ రెసిస్టర్లు లోపల పెట్టుకుని కారులా కూర్చుంటుంది.

అయితే చార్జరు 9 చూశాక ఆ వైరు మీద సెకనుకి వెయ్యిసార్లు పైకీ కిందికీ, మైనస్ 12 దాకా ఊపుతుంది. అసలు కారులో కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఒకటి ఉంటుంది కాబట్టి పైభాగం మాత్రమే తగ్గుతుంది, కింది మైనస్ 12 అలాగే నిలబడుతుంది. డయోడ్ లేకపోతే రెండు వైపులా తగ్గుతుంది. అంటే అక్కడున్నది కారు కాదు, నీళ్లో చెయ్యో ఇనప ముక్కో అని గట్టి చార్జరు అనుకుని ఆపేస్తుంది. చవక అడాప్టర్లలో డయోడ్ వేయరు, అణా పైసల వస్తువు. ఇంకొన్ని అడాప్టర్లు 9 దగ్గర ఆగకుండా తగిలించగానే నేరుగా 6 చూపిస్తాయి, దానికీ కొన్ని చార్జర్లు ఒప్పుకోవు.

మీ స్కూల్లో ఫిజిక్స్ ల్యాబులో మల్టీమీటరు ఉంటుంది. అడాప్టర్‌ని దేనికీ తగిలించకుండా, డయోడ్ టెస్టులో పెట్టి పైలట్ పిన్నుకీ ఎర్తు పిన్నుకీ ప్రోబులు ఆనించండి. ఒకవైపు అంకె రావాలి, ప్రోబులు మారిస్తే రాకూడదు. రెండు వైపులా ఒకే అంకె వచ్చిందా, డయోడ్ లేదు. అమ్మినవాడికి తిరిగి పంపండి. విజయనగరం చార్జరు తప్పేమీ లేదు, నిజానికి అదే సరైనది.

డయోడ్ ఉన్నా ఇంకోటి చూడండి. ఆ చార్జరు 32 ఆంప్స్ దాకా ఇవ్వగలదు. మీ అడాప్టర్ సాకెట్టు 16 ఆంప్స్‌ది. మధ్యలో చిన్న ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి, లేని అడాప్టర్ వాడొద్దు. ఆపేటప్పుడు ముందు యాప్‌లో ఆపి, తర్వాత స్కూటరు ప్లగ్గు తీసి, ఆఖర్న గన్ను. దాన్ని బల్ల మీద పెట్టి టీకి వెళ్లకండి. ఆ మూడు రంధ్రాల్లో 230 వోల్టులు ఉంటాయి, పిల్లలు తిరిగే చోటు.

ప్రశ్న: మాస్టారూ, కారుతో ఇచ్చిన మూడు పిన్నుల చార్జరు ఇంట్లో బాగుంటుంది, బయట లాడ్జిల్లో పెడితే ఎర్ర లైటు వెలుగుతుంది. ఎందుకు? (సివిల్ కాంట్రాక్టరు, ఆమదాలవలస)

జవాబు: చాలావరకు ఎర్తింగు. లాడ్జి సాకెట్టులో పై రంధ్రం అలంకారానికి ఉంటుంది, వెనక వైరు ఉండదు. మీ చార్జరు అది గమనించి పనిచేయనంటుంది, మంచిదే. జనరేటరు మీద ఉన్నప్పుడూ ఇలాగే మొండికేయొచ్చు. ఎర్తు పరీక్ష తప్పించే అడాప్టర్లు అమ్ముతారు, వాటి జోలికి పోవద్దు.

దీని అన్న ఇంకొకటి ఉంది, నేనే దాని చేతిలో మోసపోయాను. లావు 16 ఆంప్స్ పిన్నుని చిన్న 6 ఆంప్స్ సాకెట్టులో దూర్చే తెల్ల అడాప్టర్. సాలూరు వైపు ఒక లాడ్జిలో గది సాకెట్టు చిన్నది. ముప్పై ఏళ్లు కుర్రాళ్లకి ఏది చెయ్యకూడదని చెప్పానో అదే చేసి, వరండాలోంచి మా అబ్బాయి కారుకి వైరు లాగి పడుకున్నాను. రాత్రి ఏదో చేపల వేపుడు మాడిన వాసన. లేచి చూస్తే అడాప్టర్ మెత్తబడి గోడకి కారింది, సాకెట్టు నల్లగా అయింది. కారు ఆరు శాతం ఎక్కింది. పొద్దున్న లాడ్జి ఆయన ఏమీ అనలేదు. సాకెట్టు, సున్నం ఖర్చు బిల్లులో వేసి, పక్కన వాళ్లావిడ చేసిన కాఫీ పెట్టాడు. రెండూ తీసుకున్నాను.